ఫిడేలు మీద మొదటి పాఠం

మన సంగీత చరిత్ర పుస్తకాల్లో కచేరీలుంటాయి, బిరుదులుంటాయి, రాజసన్మానాలుంటాయి. విద్వాంసుడు విద్వాంసుడు కాకముందు ఏం చేశాడో, ఎవరి ముందు కూర్చున్నాడో, మొదటి నెలలో చేతికి ఏ పాఠం అందిందో మాత్రం ఎక్కడో ఒక మూల ఒకటి రెండు వాక్యాల్లో సరిపెడతారు. ఈ దేశానికి ఫిడేలు వచ్చిన కథను నేర్చుకునేవాళ్ళ వైపు నుంచి చూస్తే, కచేరీల చరిత్ర ఎంత విలువైనదో ఈ చరిత్రా అంతే విలువైనదని తెలుస్తుంది.

కథ మద్రాసులో మొదలవుతుంది. 1800 ప్రాంతంలో మణలిలో చిన్నయ మొదలియారు అనే సంపన్నుడు ఉండేవారు. ఈస్టిండియా కంపెనీ దొరల దగ్గర దుబాసీ. సంగీతమంటే ప్రాణం. తంజావూరు ప్రాంతం నుంచి వచ్చిన రామస్వామి దీక్షితులు కుటుంబానికి ఆయన ఇంట్లోనే ఆశ్రయం దొరికింది. దీక్షితుల కొడుకులను మొదలియారు సెయింట్ జార్జి కోటకు తీసుకువెళ్ళి, అక్కడ వాయించే తెల్లవాళ్ళ బ్యాండు వినిపించేవారు. పెద్దవారైన ముత్తుస్వామి ఆ వరసలకు సంస్కృతంలో సాహిత్యం అల్లారు. వాటినే ఈనాడు నొట్టుస్వర సాహిత్యాలంటున్నాం. ఇంట్లో చిన్నవారు, 1786లో పుట్టిన బాలుస్వామి, వరస దగ్గర ఆగలేదు. వాయిద్యాన్నే చేతుల్లోకి తీసుకున్నారు.

మొదలియారు ఒక యూరోపియన్ వాద్యకారుణ్ణి జీతమిచ్చి కుదిర్చారు. బాలుస్వామి ఆయన దగ్గర మూడేళ్ళు ఫిడేలు నేర్చుకున్నారు. గురువుకు రాగమంటే తెలియదు, శిష్యుడికి ఆ గురువు సంగీతం తెలియదు. పుట్టినప్పటి నుంచీ తంబూరా శృతిలో పెరిగిన కుర్రవాడు కమాను ఎలా పట్టుకోవాలో, తీగ మీద ఎంత బరువు వేస్తే కీచుమనకుండా పలుకుతుందో ఓనమాల నుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఆ మూడేళ్ళు ఎలా గడిచాయో ఎవరూ వివరంగా రాయలేదు. ఫలితం మాత్రం అందరికీ తెలుసు. 1824లో ఆయన ఎట్టయపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసుడయ్యారు. గమకాలతో నిండిన మన రాగాన్ని ఫిడేలు మీద పలికించవచ్చని చూపించిన తొలితరం వారిలో ఆయన పేరే ముందు చెబుతారు.

ఆ తరంలోనే తంజావూరు సోదరులు నలుగురిలో ఒకరైన వడివేలు ఫిడేలు పట్టారు. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో ఆయనకు దంతపు ఫిడేలు బహూకరించారు. కొత్తగా వచ్చిన వాయిద్యం ఒక్క తరంలోనే రాజసభలో దంతపు కానుక అందుకునే స్థాయికి చేరడం చిన్న విషయం కాదు.

ఇంతకూ ఈ తొలి అభ్యాసకులు చేసిన అసలు పని ఏమిటి? వాయిద్యాన్ని కూర్చోబెట్టారు. పడమటి దేశాల వాద్యకారుడు నిలబడి, లేదా కుర్చీలో కూర్చుని, గడ్డం కింద ఫిడేలు నొక్కిపట్టి వాయిస్తాడు. మనవాళ్ళు చాప మీద బాసిపట్టు వేసుకుని, ఫిడేలు తలను కుడికాలి చీలమండ మీద ఆన్చి, రెండో కొసను ఎడమ భుజానికి, ఛాతీకి మధ్య నిలిపారు. దాంతో ఫిడేలు బరువు మోసే పని ఎడమచేతికి తప్పింది. వేళ్ళు తీగ మీద పైకీ కిందికీ స్వేచ్ఛగా జారగలిగాయి. జారు, కంపితం అనే గమకాలు లేకపోతే తోడి లేదు, కాంభోజి లేదు కాబట్టి ఈ మార్పు కేవలం కూర్చునే సౌకర్యం కోసం చేసినది కాదు, రాగానికి అవసరమై చేసినది. శృతి కూడా మార్చారు. పాశ్చాత్యుల ఫిడేలులో ప్రతి తీగా పక్క తీగకు పంచమం. మన ఫిడేలులో నాలుగు తీగలూ మంద్ర షడ్జమం, మంద్ర పంచమం, మధ్య షడ్జమం, మధ్య పంచమం.

ఈ శృతి దగ్గరే ఒక అందమైన సంగతి ఉంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే క్రమాన్ని ఏర్పరచినవారు పురందరదాసు (1484–1564) అని సంప్రదాయం చెబుతుంది. ఆయన కాలానికి ఈ దేశంలో ఫిడేలు లేదు. మొదటి పాఠానికి ఎంచుకున్న రాగం మాయామాళవగౌళ. అందులో స-రి-గ-మ ఎంతెంత దూరంలో ఉంటాయో ప-ద-ని-స కూడా సరిగ్గా అంతే దూరంలో ఉంటాయి. ఫిడేలు మీద షడ్జమం తీగ మీద మూడు వేళ్ళు రి, గ, మ ల కోసం ఎక్కడ పడతాయో, పంచమం తీగ మీద ద, ని, పై షడ్జమం కోసం అదే చోట పడతాయి. మెట్లు లేని పలక మీద, కంటికి ఏ గుర్తూ కనిపించని చోట, చెవి ఒక్కటే ఆధారంగా స్వరస్థానం వెతుక్కునే పిల్లవాడికి ఇంతకంటే మేలైన రాగం ఉండదు. సగం నేర్చుకుంటే తక్కిన సగం వేళ్ళకే తెలిసిపోతుంది. ఫిడేలు ఈ దేశానికి రాకముందే దానికి తగిన మొదటి పాఠం ఇక్కడ సిద్ధంగా ఉన్నట్టయింది.

పాఠం ఒక్కో కాలంలో వాయించడంలోనూ అంతే ఆలోచన ఉంది. మొదటి కాలంలో తాళం దెబ్బకు ఒక్క స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మొదటి కాలంలో కమాను నిదానంగా, పొడుగ్గా లాగాలి. చేయి వణికితే అక్కడే దొరికిపోతుంది. మూడో కాలంలో వేలు కమానుతో కలవకపోతే అక్కడ దొరుకుతుంది. జంట స్వరాల్లో ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించేటప్పుడు రెండోదాని మీద ఊనిక వేయడం వస్తుంది. గమకానికి అది తొలిమెట్టు. అలంకారాలు ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాలను చేతికి అలవాటు చేస్తాయి. ఆ తర్వాత మలహరి రాగంలో గీతాలు. మలహరి మాయామాళవగౌళకు జన్యమే కాబట్టి అవే స్వరస్థానాలు, కొన్ని స్వరాలు తగ్గించి. కొత్త స్వరస్థానం నేర్పకుండానే పాటలోకి తీసుకువెళ్ళే ఉపాయం ఇది. ఇవన్నీ దాటాకే స్వరజతి, వర్ణం, కృతి. తొందరపడే తల్లిదండ్రులు ‘పాట ఎప్పుడు?’ అని అడగడం ఈనాటి మాట కాదు. కానీ ఆ క్రమంలో ఏ మెట్టునూ ఊరికే పెట్టలేదు.

ఈ క్రమమంతా చాలాకాలం నోటితోనే నడిచింది. గురువు ఇంట ఉండి, నీళ్ళు తోడి, ఆయన వాయిస్తుంటే విని, తెల్లవారుజామున లేచి సాధన చేసేవారు. రాయడం తక్కువ. గురువు ఇంటి గడప దాటగలిగినవాడికే విద్య దక్కేది. ఆ గడప ఎవరికి తెరిచేవారో, ఎవరికి మూసేవారో కులమూ వంశమూ నిర్ణయించేవి. సన్నాయి, డోలు ఒక కులంవారివి. దేవాలయాల్లోనూ జమీందారుల కొలువుల్లోనూ పాడి ఆడే కలావంతుల ఇళ్ళలో ఆడపిల్లలు చిన్నప్పటి నుంచే గాత్రం నేర్చేవారు. మిగతా ఇళ్ళ ఆడపిల్లలకు అదే విద్య నిషిద్ధం. తర్వాతి కాలంలో మధ్యతరగతి ఇళ్ళలోకి సంగీతం గౌరవంగా అడుగుపెట్టింది. దాన్ని తరతరాలుగా కాపాడిన కలావంతుల స్త్రీలకు మాత్రం బతుకుతెరువూ పోయింది, పేరూ దక్కలేదు. ఈ అన్యాయాన్ని వదిలేసి సంగీత విద్య చరిత్ర చెప్పుకోవడం సరికాదు.

నోటి పాఠం కాగితం మీదికి రావడంలో తెలుగు అచ్చుకు పెద్ద పాత్ర ఉంది. వీణ రామానుజయ్య రాసిన ‘సంగీత సర్వార్థసార సంగ్రహము’ 1859లో మద్రాసులో అచ్చయింది. తర్వాత తచ్చూరు సింగరాచార్యులు సోదరులు స్వరమంజరి, గాయకపారిజాతం, సంగీత కళానిధి, గాయకలోచనం వంటి పుస్తకాలను వరసగా తెలుగులో వెలువరించారు. తమిళదేశంలో కూర్చుని, తమిళం మాట్లాడే శిష్యులు కూడా చదివేలా తెలుగు లిపిలో అచ్చువేశారంటే, అప్పటి సంగీతానికి తెలుగు ఎంత దగ్గరి భాషో అర్థమవుతుంది.

ఈ వరసలో తలమానికం 1904లో ఎట్టయపురంలో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. రాసినవారు సుబ్బరామ దీక్షితులు. ఆయన ఎవరో కాదు, ఫిడేలు నేర్చుకున్న బాలుస్వామి దీక్షితులకు కూతురి కొడుకు, దత్తపుత్రుడు. చిన్నస్వామి మొదలియారు అనే సంగీతాభిమాని పట్టుదల, ఎట్టయపురం జమీందారు ఆదరణ లేకపోతే ఆ గ్రంథం వెలుగు చూసేది కాదు. ఇంటి విద్యను బయటపెట్టడమంటే ఆ రోజుల్లో ఆస్తి పంచిపెట్టడమే. దీక్షితులు పంచిపెట్టారు. ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు ఏర్పరచి, స్వరాక్షరాలకు చేర్చి, తెలుగు లిపిలో అచ్చువేయించారు. ఆ మహాగ్రంథం పండితుల కోసం. అంతటితో ఆయన ఊరుకోలేదు. మరుసటి ఏడు, 1905లో, పసివాళ్ళ కోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ వెలువరించారు. 1906లో కన్నుమూశారు. అరవై దాటిన వయసులో, జీవితం చివరి అంచున, అంతటి విద్వాంసుడు సరళీ స్వరాల దగ్గరికి తిరిగి వచ్చి వాటిని ఓపికగా రాసిపెట్టడం ఆ మహాగ్రంథం రాయడం కంటే తక్కువ పనేమీ కాదు. తాత తెల్ల గురువు దగ్గర మొదటి పాఠం చెప్పించుకున్నారు. మనవడు లోకానికంతటికీ మొదటి పాఠం రాశారు.

పుస్తకం వచ్చినా చేయి పట్టుకుని దిద్దే మనిషి కావాలి. కమాను వంకర పోతోందని పుస్తకం చెప్పలేదు. ఆ మనిషిని వంశంతో పనిలేకుండా అందరికీ అందుబాటులోకి తెచ్చిన ఊరు విజయనగరం.

కోటలో పనిచేసే చాగంటి జోగారావుగారి కుమారుడికి చూపు లేదు. అతనికి సంగీతం నేర్పించే దారి చూపమని తండ్రి అడిగితే, పూసపాటి విజయరామ గజపతిరాజు ఒక్క పిల్లవాడికి గురువును కుదర్చడంతో సరిపెట్టకుండా 1919లో బడినే పెట్టించారని చెబుతారు. అదే విజయరామ గాన పాఠశాల, తర్వాతి మహారాజా సంగీత కళాశాల. మొదటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు. వీణకు ఆ ప్రాంతపు వైణిక వంశానికి చెందిన వాసా వెంకటరావు. ఫిడేలుకు ద్వారం వెంకటస్వామి నాయుడు.

నాయుడుగారి సంగతి కాస్త నిలిచి చెప్పుకోవలసినది. 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చూపు మందం. అన్న వెంకటకృష్ణయ్య దగ్గర ఫిడేలు పట్టడం నేర్చుకున్నారు. వంశపారంపర్యంగా వచ్చిన గురుకులం ఏదీ ఆయనకు లేదు. విజయనగరంలో సంగీత బడి పెడుతున్నారని విని విద్యార్థిగా చేరడానికి వెళ్ళారట. ఆయన వాయించింది విన్న నారాయణదాసు ‘నువ్వు నేర్చుకోవడమేమిటి, నేర్పు’ అన్న అర్థంలో మాట్లాడి ఉపాధ్యాయుడిగానే తీసుకున్నారని ఆ ఊళ్ళో ఇప్పటికీ తలుచుకుంటారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. 1936లో నారాయణదాసు తర్వాత అధ్యక్షులయ్యారు.

తెలుగువాళ్ళు ఆయన్ని ప్రేమగా ఫిడేలు నాయుడుగారన్నారు. కమాను పొడుగ్గా లాగి, నాదాన్ని నిండుగా నిలబెట్టడం ఆయన ప్రత్యేకత. పాశ్చాత్య వాద్యకారుల వాదనాన్ని శ్రద్ధగా విని, ఆ కమాను పనితనం నుంచి తనకు కావలసింది తీసుకున్నారు. నూరేళ్ళ కిందట తెల్ల గురువు దగ్గర మొదలైన విద్య ఆయన చేతిలో మళ్ళీ ఆ మూలాన్ని పలకరించిందన్నమాట. గాత్రానికి పక్కవాద్యంగా ఉండే ఫిడేలుకు సొంతంగా కచేరీ చేసే గౌరవం తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. 1941లో సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ అందుకున్నారు. 1952లో పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మద్రాసుకు వచ్చినప్పుడు నాయుడుగారి వాదనం విని ముగ్ధుడయ్యారు. ఇన్ని గౌరవాలు పొందిన మనిషి దాదాపు జీవితమంతా పిల్లలకు పాఠం చెబుతూనే ఉన్నారు. ఇంత స్థాయి విద్వాంసుడు, కొత్తగా చేరిన కుర్రవాడు ఒకే వసారాలో కూర్చునే అవకాశం ఆ బడి వల్లే కలిగింది.

ఆ బడి గడప ఎవరెవరు తొక్కారో చెప్పడానికి ఘంటసాల వెంకటేశ్వరరావు కథ చాలు. కృష్ణా జిల్లా పిల్లవాడు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరేసరికి అవి వేసవి సెలవులు. చదువు దొరికినా తిండి లేదు. జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధూకరం చేసుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు డబ్బు తీసుకోకుండా ఆయనకు పాఠం చెప్పారు. ఘంటసాల నేర్చింది గాత్రమే కావచ్చు. కానీ మధూకరం ఎత్తినవాడికీ, ఫిడేలు పెట్టె మోసుకొచ్చినవాడికీ, చూపులేనివాడికీ ఆ కాలంలో ఒకే చోట చాప పరిచిన సంస్థ తెలుగునాట ఇంకొకటి చెప్పడం కష్టం. ఆ తర్వాతి తరంలో పి. సుశీల కూడా అక్కడే చదువుకున్నారు.

బడికి వెళ్ళలేని ఊళ్ళలో మొదటి పాఠం హార్మోనియం మీద జరిగింది. పద్యనాటకాల పుణ్యమా అని కోస్తా జిల్లాల్లో హార్మోనియం లేని పెద్ద ఊరు ఉండేది కాదు. మెట్టు నొక్కితే స్వరం తప్పకుండా పలుకుతుంది కాబట్టి తొలి రోజుల్లో ఉత్సాహం నిలబడేది. గమకం మాత్రం పలకదు. ఈ కారణం కూడా కలిసి ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా సడలించలేదు. పండితుల అభ్యంతరంలో నిజముంది. అయినా ఎందరో పిల్లల చెవికి స-ప-స శృతిని మొట్టమొదట అలవాటు చేసింది ఆ పెట్టే.

వీణది ఇంకో దారి. ఇరవై నాలుగు మెట్ల ఇప్పటి వీణ రూపం పదిహేడో శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడిందని చెబుతారు. తెలుగునాట బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశం వారు పనసకర్రతో వీణలు చేస్తారు. కుండ, దండి వేరువేరుగా చేసి అతికించకుండా ఒకే దుంగలో తొలిచే ఏకాండి వీణ వాళ్ళ ప్రత్యేకత. కర్ర తొలచడం ఒక ఎత్తు, మేళం కట్టడం ఇంకో ఎత్తు. తేనెమైనంలో నల్లరంగు కలిపి దండి పొడవునా పరిచి, అందులో కంచు మెట్లను ఒక్కొక్కటిగా శృతి చూసుకుంటూ నిలపాలి. ఎండకు మైనం కదిలితే, వాడకంలో మెట్లు అరిగితే మళ్ళీ కట్టాలి. మేళం తప్పిన వీణ మీద ఎంత సాధన చేసినా తప్పు స్వరమే చెవికి పడుతుంది. అందుకే మొదట్లో పిల్లల వీణను తెలిసినవాళ్ళకు చూపించుకోవడం పాత అలవాటు.

ఇప్పుడు గొల్లపల్లి నుంచి ఎక్కువగా బయటికి వెళుతున్నవి అద్దాల బీరువాల్లో పెట్టుకునే చిన్న బొమ్మ వీణలు. సభల్లో అతిథులకు జ్ఞాపికలుగా ఇస్తారు. వాటి మీద వచ్చే ఆదాయంతో ఆ ఇళ్ళు నడుస్తున్నాయి కాబట్టి వాటిని తప్పుపట్టలేం. కానీ బొమ్మ వీణకు మేళం శృతిగా నిలవనక్కరలేదు. పలికే వీణ కావాలని అడిగే ఇల్లు తగ్గినకొద్దీ, మైనం మీద మెట్టు నిలిపి చెవితో సరిచూసే పని నేర్చుకోవడానికి ఆ ఇళ్ళలోని కుర్రవాళ్ళకు కారణం తగ్గిపోతోంది. కొత్తగా వీణ మొదలుపెట్టే పిల్లకు కొనిచ్చే వాయిద్యం అక్కడి నుంచి తెప్పించుకుంటే ఆ పనివాడికి పని దొరుకుతుంది, మేళం కట్టించుకోవడానికి ఒక మనిషీ తెలిసి ఉంటాడు.